పదిహేడో కాలమ్

పదిహేడో కాలమ్ దగ్గర హన్విక చెయ్యి ఆగిపోయింది.

అప్పటికి పదహారు కాలమ్‌ల లెక్క తేలింది. మూడోది చోటు, నాలుగోది మనుషుల ముఖాలు, తొమ్మిదోది వినపడ్డ మాటలు, పన్నెండోది మనసులో కలిగిన బెంగో సంతోషమో. పనికిరానివి పక్కకు పోయాయి. ఒక్కో కాలమ్‌నీ పట్టి తెర మీద కుడివైపున్న గడిలో పెట్టడం, కింద కనిపించే అయిదు నమూనా వరసలు చదవడం, అర్థం కుదిరితే 'సరే' నొక్కడం. గుంటూరులోని ఆ ల్యాబులో మూడేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఇదే. ఉద్యోగం పేరు ఫీల్డ్ మ్యాపింగ్ ఎగ్జిక్యూటివ్. వాళ్ళమ్మ మాత్రం ఇరుగుపొరుగు అడిగితే "మా అమ్మాయి గళ్ళు కలుపుతుంది" అని చెప్పేది. ఆ ఉద్యోగం గురించి అంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేదు.

ఆ గళ్ళు ఏమిటో ముందు చెప్పాలి. 2046 నాటికి మతిమరుపు జబ్బుకి మందు దొరకలేదు గానీ, ఒక ఊతకర్ర దొరికింది. దాన్ని కనిపెట్టింది డాక్టర్ సాల్మన్ రాజు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తలకి హెల్మెట్ లాంటిది బిగించి, పాత ఫొటోలు చూపిస్తారు, పాత చప్పుళ్ళు వినిపిస్తారు, సీసాల్లో పట్టి ఉంచిన వాసనలు చూపిస్తారు. మెదడులో ఏ మూల ఏది కదిలిందో స్కానర్ రాసుకుంటుంది. రెండు వారాలు ఇలా చేస్తే ఒక పెద్ద పట్టిక తయారవుతుంది. ఒక్కో జ్ఞాపకం ఒక్కో వరస. ఆ జ్ఞాపకంలోని చోటు, ముఖం, మాట, వాసన, ఒక్కోటీ ఒక్కో కాలమ్. చిక్కల్లా ఏమిటంటే, మెదడు తన కాలమ్‌ల మీద పేర్లు రాసుకోదు. పైగా ఒకరికి మూడో కాలమ్‌లో ఉండేది ఇంకొకరికి ఇరవయ్యో కాలమ్‌లో ఉంటుంది. అందుకే హన్విక లాంటివాళ్ళకి ఉద్యోగాలు.

ఆ పట్టికని తీసుకెళ్ళి 'తలపు' అనే నోట్స్ సాఫ్ట్‌వేర్‌లో పోస్తారు. ఒకప్పుడు కాలేజీ పిల్లలు పాఠాలు రాసుకోవడానికి వాడిన సరుకే అది. ఇప్పుడు చెవి వెనక అంటించే గింజంత పరికరంలో ఉంటోంది. ఎదురుగా ఒక మనిషి కనపడగానే తన నోట్స్‌లో వెతికి, ఆ మనిషి ఎవరో, తనకేమవుతారో చెవిలో చెబుతుంది. కొన్నాళ్ళకి అది చెప్పేదీ తను గుర్తుతెచ్చుకునేదీ వేరువేరని ఆ మనిషికే తెలియకుండా పోతుంది. తలపులో ఉన్నవి ఎనిమిదే గళ్ళు. ఒక కాలమ్ ఒక్క గడికే ఇవ్వాలి. ఏ గడికీ పొసగని కాలమ్ కోసం 'వదిలెయ్' అని ఒక బటన్ ఉంది.

ఇంకొక్క సంగతి. దిగుమతి ఖాయం చేసిన రోజే అసలు పట్టికని చెరిపెయ్యాలని చట్టం. ఒకరి బతుకంతా ఎవరి కంప్యూటర్లోనో పడి ఉండకూడదు కదా. రెండోసారి స్కాన్ తీద్దామంటే జబ్బుపడ్డ మెదడు ఓర్చుకోదు. కాబట్టి గళ్ళు కలిపేటప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకుని కలపాలి.

ఇప్పుడు తెర మీదున్న పట్టిక దామర్ల పున్నయ్యది. ఎనభై రెండేళ్ళ మనిషి. చీరాల దగ్గర ఒక చిన్న ఊరి సినిమా హాల్లో ఆపరేటరుగా, అంటే ప్రొజెక్టరు నడిపేవాడిగా, 2003లో హాలు మూతపడేదాకా పనిచేశాడు. ఈ జబ్బు కొత్త జ్ఞాపకాలని ముందు తింటుంది, పాతవాటి జోలికి చివర్న వస్తుంది. హాలు మూతపడ్డాక గడిచిన నలభై మూడేళ్ళూ ఆయన తలలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిందల్లా చిన్నతనమూ, సినిమా హాలూ. భార్య సీతారావమ్మని "అమ్మగారూ" అంటున్నాడు. మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులూ జోడిస్తున్నాడు.

"ఇంకేం వద్దమ్మా నాకు," అని ఆవిడ మొదటిరోజే హన్వికతో చెప్పింది. "నన్ను గుర్తుపడితే చాలు. ఆ దణ్ణాలు పెట్టడం మానితే చాలు."

అందుకని కిందటి వారం ఒక ట్రయల్ దిగుమతి చేశారు, మూడు రోజులకి. ఆ మూడు రోజుల భాగోతం ల్యాబులో ఇంకా చెప్పుకుంటున్నారు.

మొదటిరోజు పొద్దున పున్నయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని, టీ తెచ్చిన నర్సు వంక కళ్ళు చిన్నవి చేసి చూసి, "సరుకు రేవు దాటిందా?" అని అడిగాడు. మధ్యాహ్నానికి జాతరలో తప్పిపోయిన తమ్ముడి కోసం వెక్కివెక్కి ఏడ్చాడు. ఆయనకి తమ్ముళ్ళు లేరు. రెండోరోజు తనకి ఉరిశిక్ష పడిందనీ, తను నిర్దోషిననీ డాక్టరుగారి చెయ్యి పట్టుకుని చెప్పాడు. సాల్మన్ రాజు గారు మెత్తని మనిషి, "అప్పీలు చేద్దాం లెండి" అన్నారు.

ఎందుకిలా అయిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. రోజుకి నాలుగు ఆటలు, ఏళ్ళ తరబడి. ఒక్కో సినిమా వందసార్లు. మెదడు దాన్ని కూడా బతుకంత లోతుగా రాసుకుంది. నేను చేసింది ఇది, నేను చూసింది ఇది అని విడివిడిగా రాసుకునే కాలమ్ మెదడుకి లేదు. తలపులో మాత్రం దానికో గడి ఉంది, 'మూలం' అని. అందులో 'స్వంతం', 'సినిమా', 'ఇతరులు చెప్పినది' అని మూడే మాటలు పడతాయి. ట్రయల్‌లో హన్విక ఆ గడిని ఖాళీగా వదిలేసింది.

మూడోరోజు ఇంకొకటి జరిగింది. సీతారావమ్మ పళ్ళెంలో అన్నం తెచ్చి స్టూలు మీద పెట్టింది. పున్నయ్య ఆవిడ వంక చూశాడు. ఆ చూపు అక్కడే నిలబడిపోయింది.

"ముద్ద పెట్టవే," అన్నాడు. "చేతులు ఖాళీగా లేవు. నువ్వు చుక్క చూస్తా ఉండు, నేను దీని సంగతి చూస్తా."

ఆయన చేతులు రెండూ ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. గదిలో డాక్టరుగారున్నారు, హన్విక ఉంది, నర్సు కిసుక్కున నవ్వింది. సీతారావమ్మ ముఖం ఎర్రబడింది. కొంగు భుజం చుట్టూ లాక్కుంది.

"ఇది ఏ సినిమాలోదమ్మా?" అని డాక్టరుగారు నవ్వుతూ అడిగారు.

"ఏమోనండీ," అందావిడ పళ్ళెం వంక చూస్తూ. "ఆయనవన్నీ సినిమా మాటలే."

ఆ మాట హన్విక నోట్ చేసుకుంది. ట్రయల్ ఆపేశారు. మళ్ళీ మొదటినుంచీ గళ్ళు కలపడం మొదలుపెట్టి, ఇదిగో, ఇప్పుడు పదిహేడో కాలమ్ దగ్గర ఆగింది.

ఆ కాలమ్ నిండా అంకెలు. అవి వాసనలని త్వరగానే తెలిసింది, ఎందుకంటే పెళ్ళి వరసలో ఉన్న అంకే సన్నజాజుల సీసా వాసన చూపించినప్పుడూ పడింది. ఆమెని ఆపింది 212 అనే అంకె. సరుకు రేవు దాటిన వరసలో 212. తమ్ముడు తప్పిపోయిన వరసలో 212. ఉరికంబం దగ్గరా అదే. నలభై ఒక్క వేల వరసల్లో ఇరవై ఆరు వేలకి అదే అంకె. ల్యాబులో ఉన్న నూట ఎనభై వాసన సీసాల్లో ఏదీ దానికి సరిపోలేదు. స్కానర్ మాత్రం దగ్గర దగ్గరగా ఇలా రాసింది: కాలిన రాగి, మసి, కాగిన నూనె.

హన్విక వరండాలోకి వెళ్ళి అదే చదివి వినిపించింది.

"కార్బన్ కడ్డీ," అంది సీతారావమ్మ ఠక్కున.

"మీకెలా తెలుసు మామ్మగారూ?"

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించింది. "ఆయన చొక్కాలు ఉతికింది నేనేగా."

డాక్టరుగారికి ఆ కడ్డీల సంగతి తెలుసు. ఆయన చిన్నప్పుడు హాళ్ళలో అవే ఉండేవి. పెన్సిలంత కార్బన్ కడ్డీలు రెండు ఎదురెదురుగా పెట్టి వాటి మధ్య నిప్పురవ్వ పుట్టిస్తే, ఆ వెలుగే తెర మీద బొమ్మయ్యేది. కడ్డీలు కాలుతూ అరిగిపోయేవి. వాటి మధ్య ఎడం పెరగకుండా ఆపరేటరు ఒక మర తిప్పుతూనే ఉండాలి. ఆ పొగ ప్రొజెక్టరు గదిలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

"అయితే దారి దొరికింది సార్," అంది హన్విక. ఆమెకి ఆనందంతో కాలు నిలవడంలేదు. "పదిహేడో కాలమ్‌ని వాసన గడికి కాదు, మూలం గడికి ఇద్దాం. 212 ఉంటే సినిమా, లేకపోతే స్వంతం. సినిమా అని పడ్డవాటిని తలపు తీసి పక్కన పారేస్తుంది."

"వాసన గడి ఖాళీ అయిపోతుందే."

"వాసనలతో ఆయనకిప్పుడు ఏం పని సార్? మనుషులు గుర్తుండాలి గానీ."

సాల్మన్ రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన జాగ్రత్త మనిషి. "ఆ గదిలో సినిమా కాకుండా ఇంకేదైనా జరిగేదేమో ఒక్కసారి అడుగు. ఆ తర్వాతే నొక్కు. ఇంకో మాట, మనం తీసింది జరిగిన సంగతుల జ్ఞాపకం మాత్రమే. ఈత, సైకిలు, చేతిపని, ఇవి మెదడులో వేరే మూల ఉంటాయి. అవి పట్టికలోకి రావు. కాబట్టి ఆయన మళ్ళీ ప్రొజెక్టరు తిప్పలేడని ఆవిడకి చెప్పు, ఆశ పెట్టుకుంటారు."

ఇద్దరూ కలిసే వెళ్ళి అడిగారు.

"మామ్మగారూ, ఆ ప్రొజెక్టరు గదిలో ఆయనకి సినిమాలు తప్ప వేరే జ్ఞాపకాలేమైనా ఉంటాయా? ఎవరైనా వచ్చిపోతుండేవాళ్ళా?"

సీతారావమ్మ డాక్టరుగారి వంక చూసింది, తల అడ్డంగా ఊపింది. "అన్యులకు ప్రవేశం లేదని తలుపు మీద రాసుండేదమ్మా. ఎవర్ని రానిస్తారు? ఓనరుగారు చండశాసనుడు."

"మీరు వెళ్ళలేదా ఎప్పుడూ?"

"నేనా!" ఆవిడ చిన్నగా నవ్వింది. "ఆడవాళ్ళు ఎక్కే మెట్లు కావమ్మా అవి. నిట్టనిలువు ఇనప మెట్లు." మళ్ళీ తనే, "ఈ సినిమాలన్నీ తీసేస్తే నన్ను గుర్తుపడతాడా?" అని అడిగింది.

"సినిమాలు పోతే మిగిలేది మీరే కదా మామ్మగారూ," అంది హన్విక. మనస్ఫూర్తిగానే అంది.

సీతారావమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. హన్విక 'సరే' నొక్కింది. ఇరవై ఆరు వేల వరసలు పోయాయి, సాయంత్రానికి అసలు పట్టికా చెరిగిపోయింది.

దిగుమతి బ్రహ్మాండంగా కుదిరింది. రెండో వారం చీరాల నుంచి వచ్చిన వీడియోలు చూసి ల్యాబులో చప్పట్లు కొట్టారు. సినిమా హాల్లో గేటుకీపరుగా పనిచేసిన ఖాదర్ చూడ్డానికొస్తే, పున్నయ్య పేరు పెట్టి పిలిచి, "నీ సైకిలుకి బెల్లు పెట్టించావా?" అని అడిగాడు. ఆ బెల్లు పోయి యాభై ఏళ్ళయింది, ఖాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. కూతురు శకుంతల నెల్లూరు నుంచి ఫోన్లో కనపడితే, "నువ్వు పుట్టినప్పుడు పిడికిలి విప్పలేదే" అన్నాడు. స్మగ్లర్లు లేరు, ఉరికంబాలు లేవు.

సీతారావమ్మ వీడియోల్లో పెద్దగా కనపడలేదు. హన్విక అదేమీ పట్టించుకోలేదు. మూడో వారం ఫాలోఅప్‌కి తనే చీరాల వెళ్ళింది.

వీధి వరండాలో పున్నయ్య కూర్చుని ఉన్నాడు. సీతారావమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"ఈ అమ్మగారు చాలా మంచావిడండీ," అని హన్వికతో చెప్పాడు. "నన్ను ఎంతో బాగా చూసుకుంటున్నారు. నాకూ పెళ్ళయింది. సన్నజాజులు పెట్టుకుని, తల దించుకుని కూచుంది ఆ పిల్ల. బాసికం అడ్డం, ముఖం సరిగ్గా చూడనే లేదు. ఎక్కడుందో ఏమో పాపం."

హన్విక టాబ్ తీసి ఆయన నోట్స్‌లో భార్య కోసం వెతికింది. పద్నాలుగు వరసలు వచ్చాయి. ఒకటి పెళ్ళి. మిగతా పదమూడూ ఒకే తీరు: చోటు ఇల్లు, మనిషి ముసుగుతన్ని నిద్రపోతోంది, ముఖం లేదు, మాటలు లేవు. పెళ్ళయ్యాక హాలు మూతపడేదాకా పంతొమ్మిదేళ్ళ కాపురం. ఒక్క మాటయినా లేదు.

ఆమె లోపలికి వెళ్ళింది. సీతారావమ్మ వంటింటి గట్టు మీద నాలుగు గిన్నెల క్యారియరు పెట్టుకుని గుడ్డతో తుడుస్తోంది. పాతకాలపు సొట్టల క్యారియరు. పిడికి నల్లగా మసి పట్టి ఉంది, తుడిచినా పోయేది కాదు.

"మామ్మగారూ," అంది హన్విక. "మీరు ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు. అవునా?"

సీతారావమ్మ గుడ్డ పక్కన పెట్టింది. వీధిలోకి ఒకసారి చూసి వచ్చి కూర్చుంది.

"రోజూ ఎల్లేదాన్నమ్మాయ్," అంది. "ఒక్క రోజు మానలేదు. ఆయన పదింటికి లేచి, లేచిన కాళ్ళతోనే ఇల్లు కదిలితే సెకండ్ షో అయ్యాకే రావడం. అప్పటికి నేను పడుకునుండేదాన్ని. మరి మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది ఎప్పుడు? ఆరున్నరకి ఫస్ట్ షో పడగానే ఖాదరన్న వెనక గేటు తీసేవాడు. నేను క్యారియరు పట్టుకుని ఇనప మెట్లెక్కేదాన్ని. ఆయన ఒక చేత్తో ఆ కడ్డీల మర తిప్పతానే ఉండాల, ఇంకో చెయ్యి మసి. ఎట్టా తింటాడు? ముద్దలు కలిపి నోట్లో పెట్టేదాన్ని. శకుంతల కడుపున పడ్డ సంగతి చెప్పింది అక్కడే. మా అమ్మ పోయిందని కబురొస్తే ఏడ్చింది అక్కడే. పోట్లాడుకుంది కూడా అక్కడే, కింద హాల్లో ఫైటింగుల చప్పుడికి మా అరుపులు ఎవరికీ ఇనపడేయి కాదు."

"చుక్క చూడమన్నాడే ఆ రోజు…"

"రీలు అయిపోబోయే ముందు తెర మీద కుడిపక్క పైమూల ఒక చుక్క మెరుస్తదమ్మాయ్. అది చూసి, తర్వాతి రీలు ఎక్కించి పక్కనే ఉంచిన రెండో మిషను తిప్పాల. రెప్పపాటు ఆలస్యమైతే తెర తెల్లగా అయిపోయి జనం ఈలలేస్తారు. ఆయన తింటా ఉంటే కిటికీలోంచి చూస్తా కూచునేది నేనే. 'చుక్క' అనగానే లేచి చెయ్యేసేవాడు. పంతొమ్మిదేళ్ళలో తెర ఒక్కసారన్నా తెల్లబోలా."

"మరి నేను అడిగితే ఎందుకు చెప్పలేదు?" అంది హన్విక. "ఆయన మిమ్మల్ని గుర్తుపట్టాడు మామ్మగారూ! ఆ మూడోరోజు ఆయన మాట్లాడింది మీతోనే!"

"తెలుసు," అంది సీతారావమ్మ. "నాకు తెలీదా? గుండె ఆగినంత పనైంది. కానీ నలుగురి మధ్యా మొగుడు ముద్ద పెట్టమంటే, అవును మాకది రోజూ ఉన్నదేనని చెప్పమంటావా? ఆ నర్సు పిల్ల అప్పటికే నవ్వతా ఉంది."

ఆవిడ గొంతు తగ్గించింది.

"అదొక్కటే కాదులే. శకుంతలకి రెండేళ్ళప్పుడు ఓనరుగారు నన్ను మెట్ల మీద చూశాడు. ఆపరేటర్ని మార్చేస్తానని రంకెలేశాడు. చంకలో ఉన్న పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి, ఇంకెప్పుడూ ఎక్కనని ఒట్టేశా. మర్నాడు ఆరున్నరకి మళ్ళీ ఎక్కా. పిల్ల మీద వేసిన ఒట్టు తప్పిన తల్లిని నేను. దానికి జరమొచ్చినప్పుడల్లా నా వల్లేనని వణికి చచ్చేదాన్ని. ఆ సంగతి దానికే చెప్పలా ఇప్పటిదాకా. డాక్టరుగారి ముందు ఎట్టా చెప్పేది? ఎవరడిగినా ఎక్కలేదనే చెప్పి చెప్పి, నోటికి అదే అలవాటైపోయింది." ఆవిడ హన్విక ముఖంలోకి చూసింది. "అయినా సినిమాలు పోతే నేను మిగులుతానన్నావుగా నువ్వు. అందుకని సంతకం పెట్టా."

హన్వికకి ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా ప్రయత్నించలేదు. ఒక మనిషి కాపురాన్నంతా, ముద్దలతో సహా, ఒక్క మీటతో సినిమాల బుట్టలో పారేసింది తను. పైగా దానికి చప్పట్లు కొట్టించుకుంది. సీతారావమ్మే లేచి ఆమెకి మంచినీళ్ళిచ్చింది.

బయటికొచ్చి డాక్టరుగారికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"పట్టిక లేదమ్మా," అన్నారాయన. "చట్టం మనం కోరి తెచ్చుకున్నదే. ఆ రోజు ఆవిణ్ణి నువ్వొక్కదానివే అడగాల్సింది, నేను పక్కన నిలబడకుండా ఉండాల్సింది. అది నా తప్పు. ఇప్పుడొక్కటే దారి. తలపు ఎంతైనా నోట్స్ రాసుకునే సాఫ్ట్‌వేరే. ఆవిడని నోటితో చెప్పమను, అది రాసుకుంటుంది. కానీ మూలం గడిలో 'ఇతరులు చెప్పినది' అనే పడుతుంది. దాన్ని మార్చడం నా వల్ల కూడా కాదు."

"అంటే ఆయన నమ్మడా సార్?"

"నమ్ముతాడు, మనం కథని నమ్మినట్టు నమ్ముతాడు. తన కథ అనుకోడు."

హన్విక ఆ మాటే సీతారావమ్మకి చెప్పింది. ఆవిడ విని, "సరే, చెబుతాలే. నాకు వేరే పనేముంది?" అంది.

నెల తర్వాత హన్విక మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఎవరూ పంపలేదు, తనే సెలవు పెట్టుకుని వెళ్ళింది. సాయంత్రం ఆరున్నర కావస్తోంది. పున్నయ్య నడవలో పీట మీద కూర్చుని, ఎదురుగా పళ్ళెం పెట్టుకుని, గుమ్మం వంక ఆత్రంగా చూస్తున్నాడు.

"రండి కూచోండి, ఇప్పుడే మొదలవుద్ది," అన్నాడు హన్వికతో. "అమ్మగారు రోజూ ఒక కథ చెబుతారు. భలే ఉంటది."

సీతారావమ్మ క్యారియరు తెచ్చి గిన్నెలు విప్పింది. నాలుగడుగుల దూరంలో వంటిల్లు ఉన్నా, అన్నం క్యారియరులో సర్దుకునే తెస్తోందావిడ. గోడకి ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది. వర్షం పడుతున్న రోజు, మెట్లు జారుతున్నాయి, ఆ అమ్మాయి ఒక చేత్తో క్యారియరు, ఒక చేత్తో మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఎక్కుతోంది. సగం మెట్లెక్కాక కిందనుంచి ఓనరు కారు హారను. పున్నయ్య తినడం ఆపేశాడు.

"దొరికిపోయిందా?"

"గేటుకీపరు కారు తలుపు తీసి, గొడుగు పట్టి, అటు తిప్పి తీసుకెళ్ళాడు."

"అమ్మయ్య!" ఆయన ఊపిరి వదిలాడు. "ఆ ఆపరేటరు అదృష్టవంతుడండీ. అట్టాంటి పెళ్ళాం అందరికీ దొరకదు. ఆ అమ్మాయి వేషం వేసిందెవరు?"

"కొత్తమ్మాయి," అంది సీతారావమ్మ. "తర్వాత వేరే సినిమాల్లో చెయ్యలేదు."

"ఎన్నాళ్ళు ఆడింది?"

"పంతొమ్మిదేళ్ళు."

పున్నయ్య తల ఆడించాడు, అలాంటి సినిమా అన్నాళ్ళు ఆడటం న్యాయమే అన్నట్టు. ఆవిడ కథ సాగించింది. ఆ అమ్మాయి తడిసిపోయి గదిలోకి వచ్చింది. కడ్డీల వేడికి చీర చెంగు ఆరబెట్టుకుంటూ అతనికి ముద్ద పెట్టింది. ఆ రోజే కడుపుతో ఉన్న సంగతి చెప్పాలని వచ్చింది, ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. చెబుతూ చెబుతూ సీతారావమ్మ తన కథలోకి తనే వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళు గోడ మీద కుడిపక్క పైమూలకి తిరిగాయి.

"చుక్క!" అంది.

పున్నయ్య చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. కుడిచెయ్యి గాల్లోకి లేచి, లేని మీటని పట్టుకుని కిందికి లాగింది. అదే ఊపులో ఎడమచెయ్యి పక్కకి చాచి దేన్నో మూసింది. అంతా రెప్పపాటులో అయిపోయింది. తెర తెల్లబోయేది కాదు.

పున్నయ్య గాల్లో ఉన్న తన చేతి వంక వింతగా చూసుకున్నాడు.

"ఇదేంటండీ అమ్మగారూ, ఇట్టా లేచింది?"

హన్విక ఒళ్ళో టాబ్ వెలిగింది. తలపు ఏదో పసిగట్టింది, ఎక్కడ రాసుకోవాలో దానికి తెలియలేదు. జత కుదరని సమాచారం ఉంది, వదిలెయ్యాలా, అని అడుగుతోంది. హన్విక దాన్ని నేల మీద బోర్లా పెట్టేసింది.

సీతారావమ్మ పళ్ళెం తన వైపుకి లాక్కుంది. హన్విక అక్కడే ఉంది, వీధి తలుపు బార్లా తీసే ఉంది, అయినా ఆవిడ ఈసారి కొంగు సర్దుకోలేదు. పడిపోయిన ముద్దని మళ్ళీ కలిపింది.

"మీ చేతులు ఖాళీగా లేవు," అంది. "నోరు తెరవండి."

ఆయన కొత్తవాళ్ళ దగ్గర మొహమాటపడినట్టు ఒక్క క్షణం మొహమాటపడి, నోరు తెరిచాడు.